ప్రకృతి నుంచి పుట్టిన చాంబర్ సంగీతం: వినేవారికి, వాయించేవారికి, ఏర్పాటు చేసేవారికి తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షులు, సీతాకోకచిలుకలు, సముద్రం, తిమింగలం. ఈ నాలుగింటి మీద ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో వచ్చిన నాలుగు రచనలను ఒకే సాయంత్రం వినిపించే కచేరీ గురించి ఈ పేజీ. నలుగురు వాద్యకారులు చాలు. వేదిక చిన్నదైనా సరిపోతుంది. తయారీ మాత్రం చాలా ఉంటుంది. అందుకే జవాబుల్లో ఎక్కువ భాగం ఆ తయారీ గురించే.

ఏమేం వాయిస్తారు? మొత్తం ఎంతసేపు?

మొదటి సగంలో మూడు రచనలు. ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాఁ 1952లో ఫ్లూట్‌కీ పియానోకీ రాసిన 'ల మెర్ల్ న్వార్' (నల్ల పిట్ట) దాదాపు 6 నిమిషాలు. ఫిన్లాండ్‌కు చెందిన కైయా సారియాహో 2000లో ఒంటరి చెల్లోకు రాసిన 'సెత్ పపియోఁ' (ఏడు సీతాకోకచిలుకలు) దాదాపు 12 నిమిషాలు. జపాన్ స్వరకర్త తోరు తాకెమిత్సు 1981లో ఆల్టో ఫ్లూట్‌కీ గిటార్‌కీ రాసిన 'టువర్డ్ ద సీ' కూడా అంతే. విరామం తర్వాత అమెరికన్ స్వరకర్త జార్జ్ క్రమ్ 1971లో మైకులు తగిలించిన ఫ్లూట్, చెల్లో, పియానోలకు రాసిన 'వాక్స్ బలైనే' (తిమింగలం గొంతు). ఇది 20 నిమిషాలు.

సంగీతం మొత్తం 50 నిమిషాలు. విరామం, వేదిక సర్దుబాటు కలుపుకుంటే గంటంబావు. ఇంతకన్నా పొడిగించమని మేము చెప్పం. ఈ రచనల్లో నిశ్శబ్దానికి దగ్గరగా ఉండే శబ్దాలు ఎక్కువ. వాటిని వినడానికి చెవి చాలా శ్రమపడుతుంది. గంటన్నర దాటితే ఎంత ఇష్టమున్న శ్రోతకైనా అలసట వస్తుంది.

పక్షి కూతలు, తిమింగలం అరుపులు రికార్డు చేసి వినిపిస్తారా?

లేదు. ఈ నాలుగింటిలో ఎక్కడా రికార్డు చేసిన శబ్దం లేదు. అంతా అప్పటికప్పుడు చేత్తో, ఊపిరితో పుట్టించేదే.

అచ్చం అనుకరణ కూడా కాదు. పక్షులు చాలా వేగంగా, మన వాద్యాలకు అందనంత పై స్థాయిలో పాడతాయి. వాటి స్వరాల మధ్య దూరం మన అర్ధస్వరం కన్నా తక్కువగా ఉంటుంది. మెస్సియాఁ తోటల్లో, అడవుల్లో కూర్చుని కూతలను స్వరలిపిలో రాసుకునేవాడు. ఆ తర్వాత వేగం తగ్గించి, స్థాయి దించి, స్వరాల మధ్య దూరాలను అదే నిష్పత్తిలో పెంచేవాడు. కాబట్టి ఫ్లూట్‌లో వినబడేది పక్షి పాటకు పెద్దది చేసిన రూపం. కూత మొదలయ్యే తీరు, మధ్యలో ఆగడం, మళ్లీ అందుకోవడం మాత్రం నిజమైన పిట్టవే.

తిమింగలం పాటకూ క్రమ్ రచనకూ నిజంగా సంబంధం ఏమిటి?

హంప్‌బ్యాక్ జాతి మగ తిమింగలాల పాటలో ఒక క్రమం ఉందని రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో 'సైన్స్' పత్రికలో చూపించారు. చిన్న శబ్దాలు కలిసి పదబంధం అవుతాయి. అవి మళ్లీ మళ్లీ వచ్చి ఒక అంశం అవుతాయి. కొన్ని అంశాలు వరసగా వస్తే ఒక పాట. పాట ముగిశాక తిమింగలం మళ్లీ మొదటికి వస్తుంది. అంతకు ముందు ఏడాదే, 1970లో, ఈ పాటల ఎల్పీ రికార్డు విడుదలై ఎందరినో కదిలించింది. క్రమ్ అంతకన్నా ముందే, టేపు మీద ఉన్న ఒక రికార్డింగ్ విన్నాడు. ఈ రచనకు అదే ప్రేరణ.

రచనకు మూడు భాగాలు. 'కాలం మొదలు' అనే వోకలీజ్‌తో (మాటల్లేని పాటతో) ఆరంభం. తర్వాత ఒక సముద్ర ఇతివృత్తం, దాని మీద ఐదు రూపాంతరాలు. వాటికి భూగర్భ శాస్త్రపు యుగాల పేర్లు: ఆర్కియోజోయిక్, ప్రొటెరోజోయిక్, పేలియోజోయిక్, మెసోజోయిక్, సెనోజోయిక్. చివర 'కాలాంతం' కోసం ఒక సముద్ర రాత్రి గీతం. సెనోజోయిక్‌లో మనిషి పుట్టుకకు గుర్తుగా రిచర్డ్ స్ట్రాస్ రచన ఒకదాని ప్రారంభ స్వరాలు గర్జించినట్టు వస్తాయి. అవే స్వరాలు వోకలీజ్ చివర కూడా వస్తాయి కాబట్టి అక్కడ గుర్తు పెట్టుకుంటే రెండోసారి వచ్చినప్పుడు పట్టుకోవడం తేలిక.

తాకెమిత్సు రచనకూ తిమింగలాలతో సంబంధముంది. తిమింగలాల రక్షణ ఉద్యమం కోసం గ్రీన్‌పీస్ ఆయనతో దాన్ని రాయించింది. అందులో పదేపదే వచ్చే మూడు స్వరాలు ఇ-ఫ్లాట్, ఇ, ఎ. జర్మన్ పద్ధతిలో ఇ-ఫ్లాట్ పేరు 'ఎస్'. మూడూ కలిపితే ఇంగ్లీషులో సముద్రం పేరు వస్తుంది.

వాద్యకారులు ముసుగులు ఎందుకు వేసుకుంటారు? నీలి వెలుగు ఎందుకు?

'వాక్స్ బలైనే' వాయించే ముగ్గురూ నల్లటి సగం ముసుగు ధరించాలని క్రమ్ స్కోరులోనే (స్వరలిపి ప్రతిలోనే) రాశాడు. వాయించే మనిషి ముఖం, హావభావం కనబడకపోతే ప్రకృతి శక్తులకు మనిషితో నిమిత్తం లేదన్న భావం కలుగుతుందని ఆయన ఉద్దేశం. ముదురు నీలి వెలుగు ఆయన సూచన. ముసుగు షరతు.

చిన్న పిల్లలతో వచ్చేవారు ఈ సంగతి ముందే పిల్లలకు చెప్పండి. చీకటి, ముసుగులు, ఫ్లూట్‌లోంచి వచ్చే మనిషి గొంతు మూడూ కలిసి ఐదారేళ్ల పిల్లల్ని భయపెట్టవచ్చు. ఎనిమిదేళ్లు దాటినవారు సాధారణంగా కళ్లార్పకుండా చూస్తారు.

మన సంగీతంతో దీనికేమైనా చుట్టరికం ఉందా?

ఈ నాలుగు రచనల్లో సూటిగా లేదు. కానీ మెస్సియాఁ లయ విషయంలో ఉంది, అది బలమైనదే. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం' రాశాడు. అందులోని 120 దేశీ తాళాల పట్టిక ఒక ఫ్రెంచ్ సంగీత విజ్ఞాన సర్వస్వం ద్వారా మెస్సియాఁ చేతికి వచ్చింది. జీవితమంతా వాటిని వాడాడు. రత్నాకరానికి ఉన్న పేరుపొందిన వ్యాఖ్యల్లో ఒకటైన 'సంగీత సుధాకరం' మన రాచకొండను ఏలిన సింగభూపాలుడిదని ప్రసిద్ధి. అంటే ఈ తాళాల మీద తెలుగునేలలో 14వ శతాబ్దంలోనే చర్చ జరిగింది.

మెస్సియాఁ యుద్ధఖైదీగా ఉండగా రాసి, 1941 జనవరి 15న గోర్లిట్స్ శిబిరంలో తోటి ఖైదీలతో కలిసి వాయించిన 'కాలాంతపు చతుష్టయం' మొదటి భాగం చూడండి. క్లారినెట్ నల్ల పిట్టలా, వయొలిన్ నైటింగేల్‌లా పాడుతుంటాయి. కింద పియానో రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళాలను కలిపి 17 విలువల లయ చక్రం తిప్పుతుంది. దాని మీద 29 స్వరసంపుటాల చక్రం తిరుగుతుంది. 17, 29 రెండూ ప్రధాన సంఖ్యలే. అందువల్ల 493 సంపుటాలు అయ్యేదాకా రెండు చక్రాలూ ఒకేసారి మొదటికి రావు. ఆ భాగం అంతకు చాలా ముందే ఆగిపోతుంది. తాళంలో ఆవర్తనాలు లెక్కపెట్టే అలవాటున్న శ్రోతకు ఈ రచనలోకి వెళ్లడానికి ఇది మంచి ద్వారం.

మనోధర్మం ఉంటుందా?

ఉండదు. ప్రతి స్వరమూ రాసిందే. క్రమ్ రచనలో చాలాచోట్ల తాళపు గీతలు ఉండవు కాబట్టి కాలప్రమాణం వదులుగా వినిపిస్తుంది. ఎంతసేపు ఆగాలో కూడా చాలాచోట్ల సెకన్లలో రాసి ఉంటుంది.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

ఒక్కో రచన మొత్తం పూర్తయ్యాక. ఏడు సీతాకోకచిలుకల మధ్య ఆరుసార్లు ఆగుతుంది. అక్కడ కొట్టకండి. 'వాక్స్ బలైనే' చివర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పది స్వరాల చిన్న వాక్యం ఒకటి మళ్లీ మళ్లీ వస్తూ సన్నబడుతుంది. చివరిసారి వాద్యకారులు చేతులు కదుపుతారు గానీ శబ్దం చేయరు. చెవికి అందే హద్దు దాటి ఇంకా తగ్గుతోందని చూపించడానికి క్రమ్ అలా రాశాడు. వాళ్లు కదలడం ఆపి, వెలుగు మారేదాకా రచన నడుస్తున్నట్టే. నిర్వాహకులు కార్యక్రమ పత్రంలో ఈ ఒక్క వాక్యం వేస్తే చాలు: 'వెలుగు ఆరాక చప్పట్లు'.

ఎక్కడ కూర్చుంటే బాగా వినబడుతుంది?

నాలుగో వరస నుంచి ఎనిమిదో వరస దాకా, మధ్యలో. మరీ ముందు కూర్చుంటే మైకు లేని శబ్దం ఒకవైపు నుంచి, స్పీకరు శబ్దం ఇంకోవైపు నుంచి విడిగా వస్తాయి. ఏసీ గొట్టం కింద కూర్చోకండి. సీతాకోకచిలుకలు సగం వినబడవు.

ఫ్లూట్ వాయిస్తూ పాడటం ఎలా? గొంతు పట్టుకోదా?

వోకలీజ్‌లో ఫ్లూటిస్టు ఒకేసారి ఊదాలి, ఫ్లూట్‌లోకి పాడాలి. ముందు స్వరాన్ని ఒట్టి గొంతుతో పాడండి. తర్వాత అదే ఫ్లూట్‌లో ఊదండి. మూడోసారి రెండూ ఒకే స్వరంలో కలపండి. అది నిలకడగా వచ్చాకే ఫ్లూట్ స్వరం కదలకుండా పట్టుకుని, గొంతును మాత్రం మెల్లగా పైకీ కిందకీ జార్చండి. రెండు శ్రుతులు దగ్గరపడినప్పుడు వచ్చే కంపనం పెదవి దగ్గరే తెలుస్తుంది. తిమింగలం పాట గుర్తుకొచ్చేది ఆ కంపనంలోనే.

సాధారణంగా జరిగే తప్పు గట్టిగా పాడటం. గొంతు పెరిగితే పెదవుల దగ్గర గాలి దిశ మారి ఫ్లూట్ స్వరం విరిగిపోతుంది. మైకు ఉంది కాబట్టి గొంతు గొణుగుడు స్థాయిలో ఉంటే సరిపోతుంది. రెండు పనులకూ గాలి ఖర్చవుతుంది కాబట్టి ఊపిరి తీసుకునే చోట్లు మామూలు కన్నా ఎక్కువ గుర్తు పెట్టుకోవాలి. మొదట్లో రోజుకు 10 నిమిషాలు మించి సాధన చేయకండి. గొంతు గీరుకుంటే ఆ రోజుకు ఆపేయాలి.

చెల్లో శ్రుతి మార్చాలట. అదే చెల్లో మీద సారియాహో రచన కూడా వాయించవచ్చా?

మామూలుగా చెల్లో తీగలు కింది నుంచి సి, జి, డి, ఎ. క్రమ్ అడిగేది బి, ఎఫ్ షార్ప్, డి షార్ప్, ఎ. కింది రెండూ అర్ధస్వరం దిగుతాయి, మూడోది అర్ధస్వరం ఎక్కుతుంది, పైది అలాగే ఉంటుంది. సముద్ర ఇతివృత్తం మొత్తం హార్మొనిక్స్ మీద (తీగను నొక్కకుండా తేలిగ్గా తాకితే వచ్చే సన్నని స్వరాల మీద) నడుస్తుంది. హార్మొనిక్స్‌లో వేలు జరిపి శ్రుతి సరిచేసుకునే వీలు లేదు. తీగ శ్రుతి తప్పితే ఇతివృత్తమే తప్పుతుంది.

రెండో చెల్లో ఉంటే అన్నిటికన్నా మేలు. లేకపోతే విరామం మొదలవగానే శ్రుతి మార్చండి, ముగిసేముందు మళ్లీ చూడండి. కొత్త బిగువుకు తీగ అలవాటు పడటానికి కనీసం 15 నిమిషాలు పడుతుంది. పైకి ఎక్కించిన డి తీగ కిందికి జారుతూ, దించిన తీగలు పైకి జరుగుతూ ఉంటాయి. అందుకే విరామం 20 నిమిషాలు పెట్టమంటాం. పాత తీగతో ఈ పని చేయకండి. కచేరీకి వారం ముందు డి తీగ కొత్తది వేసి, రోజూ కొంతసేపు డి షార్ప్‌లో ఉంచితే నిలబడుతుంది.

ఆర్కియోజోయిక్‌లో సముద్ర పక్షుల అరుపు ఎలా వస్తుంది?

చెల్లోలోనే. కృత్రిమ హార్మొనిక్ పట్టి (బొటనవేలితో తీగ నొక్కి, పై వేలితో తేలిగ్గా తాకి), బొటనవేలికీ పై వేలికీ మధ్య దూరం మార్చకుండా చేతిని తీగ పొడవునా జార్చాలి. మామూలు హార్మొనిక్ అయితే చేయి జరిగేకొద్దీ ఆ దూరం కూడా మారాలి. ఇక్కడ మార్చం. దానితో పై వేలు వరసగా వేర్వేరు హార్మొనిక్ బిందువుల మీద పడుతుంది. శబ్దం జారి, ఎగిరి, మళ్లీ జారుతుంది. చక్కగా శ్రుతిలో వాయించాలన్న అలవాటుతో చేయి తనంతట తాను దూరం సరిచేసుకుంటుంది. అప్పుడు పక్షి పోయి మామూలు జారుడు మిగులుతుంది.

క్రమ్ రచనలో పియానో లోపల ఉలి, గాజు కడ్డీ, పేపర్ క్లిప్ వాడతారట. పియానో పాడవదా?

హాలు వారు మొదట అడిగే ప్రశ్న ఇదే. వారు అడగకముందే మీరు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఉలి వడ్రంగం చేసే పదునుతో ఉండకూడదు. అంచు నున్నగా అరగదీసింది కావాలి. వేలితో రుద్దితే గీరుకోకూడదు. గాజు కడ్డీ కొసలు కరిగించి గుండ్రం చేసింది తీసుకోండి. ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. రెండు కొనండి, ఒకటి జారి పగిలే అవకాశం ఎక్కువ. కింది స్థాయి తీగలకు రాగి చుట్టి ఉంటుంది. లోహపు వస్తువు వాటి మీద అడ్డంగా గీసుకోకుండా చూడాలి. తీగలు మీటే ముందు చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవాలి. చెమట తగిలిన ఉక్కు తీగ తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు గాలిలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కచేరీ అయ్యాక పొడి మెత్తటి గుడ్డతో తాకిన తీగలన్నీ తుడవండి.

మీటాల్సిన తీగలు గుర్తుపట్టడానికి డ్యాంపర్ల (తీగల మోత ఆపే దిమ్మెల) మీద చిన్న రంగు కాగితపు చుక్కలు అంటించుకోవచ్చు, జిగురు మిగలని రకం మాత్రమే. తీగల మీద ఏదీ అంటించకండి. నీలి వెలుగులో నీలం, నలుపు, ఊదా చుక్కలు ఒకేలా కనబడతాయి. తెలుపు, లేత పసుపు వాడండి.

ఇంకొక చిక్కు: ఇంట్లో సాధన చేసిన పియానోలో ఇనుప చట్రపు అడ్డుకమ్మీలు ఉన్నచోట హాలు పియానోలో ఉండవు. చేయి పట్టాల్సిన చోట కమ్మీ అడ్డం రావచ్చు. కాబట్టి హాలు పియానో మీద కనీసం రెండు గంటల సాధన, కచేరీకి ముందురోజే, అడిగి పెట్టుకోండి.

పియానో శ్రుతి ఎప్పుడు చేయించాలి?

కచేరీ రోజు ఉదయం. పియానో వేదిక మీదికి చేరి, ఏసీ నాలుగైదు గంటలు నడిచాక.

మైకులు, స్పీకర్లు ఎన్ని కావాలి?

150 నుంచి 250 మంది పట్టే హాలుకు నాలుగు ఛానెళ్లు చాలు. ఫ్లూట్‌కు ఒకటి, చెల్లోకు వంతెన దగ్గర తగిలించే చిన్న మైకు ఒకటి, పియానోకు రెండు (కింది తీగల మీద ఒకటి, పై తీగల మీద ఒకటి). స్పీకర్లు వాద్యకారులకు దగ్గరగా, మైకుల వరస కన్నా ముందు ఉండాలి. వెనక పెడితే స్పీకర్ల శబ్దం మళ్లీ మైకుల్లోకి దూరి కీచుమని మోగుతుంది.

మైకు ఇక్కడ హాలును నింపడానికి కాదు. తీగ మీద గాజు జారిన చప్పుడు పదో వరసకు చేరడానికి. ముందు సెనోజోయిక్‌లోని అన్నిటికన్నా గట్టి చోటు వాయించి, శబ్దం పగలకుండా హద్దు పెట్టుకోండి. తర్వాత చివరి గీతంలోని సన్నని చోటు వాయించి వెనక వరసలో విని చూడండి. ఈ రెండూ కుదిరాక మిక్సర్ ముట్టుకోవద్దు. మామూలు కచేరీలకు అలవాటైన సౌండ్ మనిషి సన్నని చోట పెంచుతాడు, గట్టి చోట తగ్గిస్తాడు. రచనలోని ఎత్తుపల్లాలన్నీ అలా చదునైపోతాయి. రిహార్సల్‌లో ఆయన పక్కన స్కోరు చదవగలిగిన మనిషి ఒకరు కూర్చోవాలి.

లైట్ల డిమ్మర్ల నుంచి గుంయ్‌మనే శబ్దం మైకుల్లోకి దూరడం చాలా హాళ్లలో ఉంది. సౌండుకూ లైట్లకూ వేర్వేరు ఫేజుల నుంచి కరెంటు తీసుకోండి, వైర్లు పక్కపక్కన పరచకండి. తిరిగే తల ఉన్న ఎల్‌ఈడీ లైట్లలో ఫ్యాన్లు ఉంటాయి, వాటి బదులు మామూలు పార్ లైట్లకు నీలి కాగితం వేయడం మంచిది. జనరేటరు హాలు గోడకు ఆనుకుని ఉంటే ఆ హాలు వద్దు.

ముసుగుతో వాయించడంలో ఇబ్బందులు?

కింది చూపు తగ్గుతుంది. పియానిస్టుకు కీలు, తీగలు, స్కోరు మూడూ చూడాలి కాబట్టి ఆయనకే కష్టం ఎక్కువ. ముసుగు కింది అంచు ముక్కు సగం దాటకూడదు. ఫ్లూటిస్టుకు అది పెదవి పలకకు తగలకూడదు. కచేరీకి రెండు వారాల ముందు నుంచీ ముసుగుతోనే సాధన చేయాలి. కళ్లద్దాలు పెట్టుకునేవారికి ముసుగు లోపలి వైపు అద్దాలు ఆనేలా చిన్న గుడ్డ మడత కుట్టించండి. స్టాండు దీపాలకు కూడా నీలి కాగితం వేయాలి, లేకపోతే వేదిక నీలంలో మూడు తెల్లటి మచ్చలు కనబడతాయి.

యాంటిక్ సింబల్స్ దొరకలేదు. నట్టువాంగం తాళాలు వాడవచ్చా?

'వాక్స్ బలైనే' చివరి గీతం బి మేజర్‌లో నడుస్తుంది. చెల్లిస్టు, ఫ్లూటిస్టు వంతులవారీగా ఆ చిన్న సింబల్స్ మోగిస్తారు. స్కోరులో వాటి శ్రుతి కచ్చితంగా రాసి ఉంటుంది. మన తాళాలు నాదం కోసం చేసినవి, అడిగిన శ్రుతికి చేసినవి కావు. ట్యూనర్‌తో కొలిచి సరిగ్గా అదే స్వరం పలికే తాళం దొరికితే వాడండి. లేదంటే పాశ్చాత్య వాద్యాలు నేర్పే సంస్థల నుంచి అద్దెకు తెచ్చుకోండి.

మన వేణువుతో ఈ ఫ్లూట్ భాగాలు వాయించవచ్చా?

రాసింది రాసినట్టు కుదరదు. ఈ రచనలు మీటలున్న పాశ్చాత్య ఫ్లూట్‌కు రాసినవి. తాకెమిత్సుది ఇంకా కిందికి వెళ్లే ఆల్టో ఫ్లూట్‌కు. వేణువుకు కొత్త రచనలు రాయించడం మేలు, ఈ పద్ధతులు చాలావరకు అక్కడికీ సరిపోతాయి.

అనుమతులు, హక్కులు?

మెస్సియాఁ 1992లో, తాకెమిత్సు 1996లో, క్రమ్ 2022లో, సారియాహో 2023లో మరణించారు. భారత చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు హక్కులుంటాయి. కాబట్టి నాలుగూ హక్కుల్లో ఉన్నవే. టిక్కెట్టు పెట్టకపోయినా బహిరంగ ప్రదర్శనకు ముందు సంగీత హక్కులు చూసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌ను సంప్రదించాలి. స్కోర్లు కొనాలి: క్రమ్‌కు పీటర్స్, మెస్సియాఁకు లెద్యూక్, సారియాహోకు చెస్టర్, తాకెమిత్సుకు షాట్ జపాన్. క్రమ్ స్కోరు ఆయన చేతిరాతతోనే అచ్చయింది, ఫొటోకాపీలో సన్నని గీతలు పోతాయి. విదేశాల నుంచి రావడానికి ఆరు వారాలు లెక్కేసుకోండి.

క్రమ్ స్కోరు మీద 'ఎలక్ట్రిక్' అని ఉంది. కీబోర్డుతో సరిపెట్టవచ్చా?

కుదరదు. ఇక్కడ ఆ మాటకు అర్థం మైకు తగిలించిన మామూలు వాద్యం అని. కీబోర్డులో మీటడానికి తీగలే ఉండవు. నిలువు పియానోలోనూ తీగలు అందవు, గ్రాండ్ పియానో తప్పనిసరి.

మీ ఊళ్లో గ్రాండ్ పియానో లేకపోతే కార్యక్రమం మార్చండి. తాకెమిత్సు, సారియాహో రచనలకు పియానో అక్కర్లేదు. మెస్సియాఁ చతుష్టయంలోని మూడో భాగం 'పక్షుల అగాధం' ఒంటరి క్లారినెట్‌కు రాసిందే. నాలుగు వాద్యాల తీగల బృందం దొరికితే జాన్ లూథర్ ఆడమ్స్ 2011లో రాసిన 'ద విండ్ ఇన్ హై ప్లేసెస్' చేర్చండి. అందులో వాద్యకారుల వేళ్లు ఎక్కడా ఫింగర్‌బోర్డుకు తగలవు, మొత్తం ఒట్టి తీగలు, హార్మొనిక్సే. మైకులు అక్కర్లేదు, ఉలి అక్కర్లేదు. ఫ్యాన్లు ఆపగలిగిన ఒక బడి హాలు దొరికితే సరిపోతుంది.